తెర మూలన గడియారం

ఆ రోజు ఆ ఇంట్లో ఐదుగురు ఉన్నారు. ప్లాట్ల వ్యాపారం చేసే రాంచందర్. అతని తల్లి బాలనర్సమ్మ. హైదరాబాదు నుంచి కారులో దిగిన శోభ. ఆమె వెంట వచ్చిన ఒక విదేశీయుడు. పేరు అతను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వారం కింద వంటకు కుదిరిన భవాని.

భవాని అసలు పేరు యమున. సీక్రెట్ ఏజెంట్. ఆమె చేతిలోని గరిటె కాడలో ట్రాన్స్‌మిటర్ ఉంది.

"ఇబ్రహీంపట్నం దాటినాక రోడ్డుకు ఎడమ పక్క ఫామ్‌హౌస్," అని చీఫ్ మహేశ్వర్ బ్రీఫింగ్‌లో చెప్పాడు. "అక్కడి నుంచి మన దివాకర్ ఫొటో ఒకటి బయటి దేశానికి పోబోతోంది. పోలీసు డ్రెస్సులో ఉన్న ఫొటో."

దివాకర్ రెండేళ్లుగా ఆ ఫొటో అందుకోబోయే ముఠాలోనే డ్రైవర్ వేషంలో ఉన్నాడు. ఆ ఫొటో వాళ్ల చేతికి అందితే అతను మర్నాడు ఉండడు. యమునకు ట్రైనింగులో జీపు నడపడం నేర్పింది అతనే. ఎన్నిసార్లు గోడకు గుద్దినా నవ్వేవాడు.

"కోడ్ గుర్తుందా?"

"అపాయం ఉంటే నారు ఎండుతుందంటాను. పని అయితే నీళ్లు పారినయ్ అంటాను."

"గుడ్. పంపేదెవరో తెలిసేదాకా నువ్వు వంటమనిషివి. అంతే."

పంపేదెవరో వారం తరువాత ఆ మధ్యాహ్నం తెలిసింది. కారులోంచి దిగిన శోభ నల్లకళ్లద్దాలు తీయగానే యమున చప్పున పొయ్యి వైపు తిరిగింది. ట్రైనింగులో వాళ్లిద్దరూ ఒకే బెంచీ. ఆఫీసు జీతం తీసుకుంటూనే శోభ అవతలి వాళ్లకు పని చేస్తోంది. డబుల్ ఏజెంట్!

హాల్లో రాంచందర్ కంప్యూటర్ ఉంది. ప్లాట్లు కొనేవాళ్లు చూసి నమ్మాలని కోఠిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత మిషను. శోభ దానిలో రెండు ఫ్లాపీలు ఒకదాని తరువాత ఒకటి పెట్టింది. నీలం తెర మీద కుడివైపు పై మూలన చిన్న పసుపు డబ్బా వెలిగింది. అందులో తారీఖు, గంటలు, నిమిషాలు, సెకన్లు.

"గిదేంది మేడమ్, గడియారమా?" రాంచందర్ వంగి చూశాడు. "గోడకు ఉన్నది గద మాకు."

"ఇది వేరే. తెర మీద ఏ పని నడుస్తున్నా ఇది పక్కన తిరుగుతూనే ఉంటుంది. చెప్పిన టైముకు చెప్పిన పని చేస్తుంది."

"ఏం పని?"

"నాలుగింటికి మోడెమ్‌తో ఫోన్ కలుపుతుంది. అవతల ఒక్క నిమిషమే ఎత్తుతారు. చేతితో అయితే ముందో వెనకో అవుతుంది." శోభ నవ్వింది. "మీ ప్లాట్ల మ్యాప్ పంపొద్దా సార్ వాళ్ల ఆఫీసుకు?"

రాంచందర్ ముఖం వెలిగిపోయింది. విదేశీ సారు ఇరవై ఎకరాలు కొంటాడని అతని నమ్మకం. ఫ్లాపీలో ఉన్నది మ్యాప్ కాదని, దివాకర్ ఫొటో అని యమునకు తెలుసు.

"ఇంకో మాట. మీ బోరు మోటరు ఆటోలో ఉంది కదా? ఆపేయండి. అది ఎత్తుకుంటే వోల్టేజీ పడిపోతుంది."

ఇంటికి, బోరుకు కలిపి ఒకటే చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇంట్లో లైట్లకు సింగిల్ ఫేజు ఎట్లాగో ఉంటుంది. మోటరుకు కావలసిన త్రీఫేజు మాత్రం వంతుల మీద వస్తుంది. ఎప్పుడొస్తే అప్పుడు మోటరు దానంతటదే ఎత్తుకునేటట్టు అందరూ స్టార్టరును ఆటోలో పెట్టి ఉంచుతారు. రాంచందర్ పోయి ఆటో తీసేసి వచ్చాడు.

యమున వంటింట్లో గరిటె నోటి దగ్గర పెట్టుకుంది.

"సార్, నారు ఎండుతుంది."

"వస్తున్నాం. దారిలో లారీ అడ్డం పడింది. ఎంతసేపుంది?"

"గంట కూడా లేదు."

"అయితే నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఆమె ట్రేలో చాయ్, పక్కన గరిటె పెట్టుకుని హాల్లోకి వెళ్లింది. శోభ, విదేశీయుడు వరండాలో సిగరెట్ కాలుస్తున్నారు. యమున ట్రే పక్కన పెట్టి రెండు మీటలు కలిపి నొక్కింది. గడియారం డబ్బా పెద్దదై పాస్‌వర్డ్ అడిగింది. తనకు తెలిసిన పాత పాస్‌వర్డ్ కొట్టింది. తప్పు. ఇక ప్లగ్ పీకడమే అనుకుని కిందికి వంగింది.

"వంటమనిషికి కంప్యూటర్ కూడా వచ్చా?"

వెనుక శోభ. ఆమె పక్కన విదేశీయుడు. అతని చేతిలో పిస్టల్.

"ఆ గడియారం నీకు నేర్పింది నేనే కదా యమునా. పాస్‌వర్డ్ మార్చుకోనా?"

"దివాకరన్న నీకు కూడా జీపు నేర్పిండు శోభా."

శోభ ముఖంలో ఏదో కదిలి ఆగిపోయింది. "వంటింట్లో పెట్టి గొళ్లెం వెయ్యండి. నాలుగు దాటాక చూద్దాం."

రాంచందర్ బిత్తరపోయాడు. "గదేంది మేడమ్, తుపాకీ ఎందుకు? మా అమ్మ ఉన్నది ఇంట్ల!"

"నోరు మూసుకుని కూర్చోండి."

అతను కూర్చున్నాడు.

వంటింటి తలుపు పైన జాలీ ఉంది. యమున పీట మీద నిలబడి చూసింది. అక్కడి నుంచి తెర మొత్తం కనబడదు. పై మూల ఒక్కటే కనబడుతుంది. పసుపు డబ్బా, అందులో మారిపోతున్న అంకెలు. చూడకుండా ఉండలేదు. చూసి చేసేదీ లేదు. గరిటె హాల్లో ట్రే మీదే ఉండిపోయింది.

అప్పుడు పెరటి కిటికీ దగ్గర బాలనర్సమ్మ గొంతు వినిపించింది.

"ఓ భవానీ! ఇంకా చాయ్ పోయలే? రెండింటికి ఇస్తమన్న కరెంటు ఇంకా రాకపాయె. నారు చూస్తె ఎర్రగైతుంది."

యమున కిటికీ ఊచలు పట్టుకుంది. తలుపు తీయమని అడగవచ్చు. అడిగితే ఈ ముసలామె నేరుగా పిస్టల్ ముందుకు పోతుంది. ఇంకొక్క మాటే మిగిలింది. ఆ మాటతో పని ఆగితే జీపులు వచ్చేదాకా శోభ ఇక్కడే చిక్కుతుందని, ఆమెతో పాటు ఈమె కొడుకూ చిక్కుతాడని యమునకు తెలుసు. అనకపోతే దివాకర్ సంగతీ తెలుసు.

"పెద్దమ్మా, కరెంటొచ్చినా నీళ్లు రావు. అన్న మోటరు ఆటో బంద్ చేసిండు."

"ఏందీ?" బాలనర్సమ్మ కొంగు నడుముకు చుట్టింది. "గా తెల్లోడు వచ్చిన కాడికెల్లి వీనికి మతి పోయింది. నారు సచ్చిపోతె ప్లాట్లు తింటడా?"

"నేను చెప్పిన్నని చెప్పకు పెద్దమ్మా."

"నువ్వు నా బిడ్డలెక్క. నీ పేరెందుకు చెప్త?"

ఆమె స్టార్టర్ డబ్బా వైపు చకచకా వెళ్లింది. యమున మళ్లీ పీట ఎక్కింది. ఇక ఆమె చేతిలో ఏమీ లేదు. ఆటో పెట్టినా త్రీఫేజు రావాలి. అది రావడం ఎక్కడో సబ్‌స్టేషన్‌లో కూర్చున్న ఒక మనిషి చేతిలో ఉంది. అతనికి దివాకర్ తెలియదు, నాలుగింటి సంగతి తెలియదు. వచ్చే పంటకు వస్తుందేమో, అంతకుముందు వస్తుందో రాదో, ఈ మండలంలో ఎవరూ చెప్పలేరు.

అంకెలు నాలుగుకు దగ్గరపడ్డాయి. మోడెమ్ మీద చిన్న ఎర్రలైటు వెలిగింది. ఎప్పుడూ దేవుణ్ణి అడగని యమున కరెంటును అడిగింది.

మూడు యాభై తొమ్మిది. సెకన్లు యాభై దాటాయి.

పెరట్లో ఠక్ మంది. స్టార్టర్! ఆ వెంటే మోటరు గుర్రుమంటూ ఎత్తుకుంది. ట్యూబులైటు మినుకుమని ఆరిపోయింది. తెర చుక్కంత అయి మాయమైంది.

"మోటర్! మోటర్ ఆపండి!" శోభ అరిచింది.

రాంచందర్ పరుగెత్తాడు. స్టార్టర్ డబ్బాకు వీపు ఆనించి బాలనర్సమ్మ నిలబడి ఉంది.

"అమ్మా, జర జరుగు! మస్తు లాసైతది!"

"ముట్టుకో చూద్దాం! నారు తడిసేదాక ఈడికెల్లి కదల."

మిషను తనంతట తానే మళ్లీ లేచింది. తెర మీద తెల్లని అక్షరాలు పాకి, మూలన పసుపు డబ్బా వచ్చింది. అందులో పన్నెండు గంటల ఏడు సెకన్లు. తారీఖు 1980 జనవరి ఒకటి. కోఠి మిషను లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దానికి అదే మొదటి రోజు. శోభ టైము సరిచేయబోయింది. వోల్టేజీ మళ్లీ పడింది. తెర మళ్లీ ఆరింది. విదేశీయుడు చేతి గడియారం చూసుకుని ఏదో తిట్టాడు. నిమిషం దాటిపోయింది.

జీపులు గేటు గుద్దుకుని లోపలికి వచ్చేసరికి విదేశీయుడు పిస్టల్ కింద పడేశాడు, శోభ చేతులు ఎత్తి నిలబడి ఉంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుంది. కళ్లు కనబడలేదు.

చీఫ్ స్వయంగా వంటింటి గొళ్లెం తీశాడు. "నారు ఎట్లుంది?"

"నీళ్లు పారినయ్ సార్."

"వెల్ డన్. ఎట్లా చేశావ్?"

యమున బయటికి వచ్చింది. రాంచందర్‌ను జీపు ఎక్కిస్తున్నారు. "నాకేం తెల్వద్ సార్, ప్లాట్లు కొంటరనుకున్న," అంటున్నాడు. చేతులకు బేడీలు.

"అతనికి నిజంగానే తెలియదు సార్."

"అది కోర్టు చూసుకుంటుంది. పద."

బాలనర్సమ్మ గడప లోపల నిలబడి ఉంది. కాళ్లకు తడిమట్టి. యమున ఆమె ముందుకు వెళ్లింది.

"పెద్దమ్మా..."

"పోలీసువా నువ్వు?"

"అవ్."

"మోటరు సంగతి గందుకే చెప్పినవా?"

యమున తల ఊపింది.

"నారు తడిసింది," అంది ముసలామె నెమ్మదిగా. "నాటేసెతందుకు వాడు ఉండాలె గద."

ఆమె భుజం మీదుగా హాల్లో తెర కనబడుతోంది. పసుపు డబ్బాలో ఇంకా 1980. ఆ లెక్కన రాంచందర్ ఇప్పుడు బడికి పోయే పిల్లవాడు. కాసేపట్లో ఇంటికి వచ్చి అన్నం అడుగుతాడు. యమున ఇంకేదో చెప్పబోయింది. బాలనర్సమ్మ తలుపు వేసుకుంది.