రిబ్బన్ కట్టిన గది

నళిని నన్ను మొదటిసారి తిట్టింది హిందీలో. ఆ వెంటనే తెలుగులో. నిజం చెప్పాలంటే తెలుగు తిట్టే బాగుంది.

రాయపూర్ దగ్గర తిల్దాలో ఆడపిల్లల గవర్నమెంటు స్కూలు, జూన్ చివరి వారం. వరండాలో నేను, నా వెనక తాళం వేసిన గది, తలుపుకి అడ్డంగా ఎర్ర రిబ్బన్. లోపల పది కొత్త మైక్రోస్కోపులు.

"తాళం తీయండి. పిల్లలకి చూపించుకుంటాను," అంది హిందీలో, చేతిలో అటెండెన్స్ రిజిస్టరుతో.

"కుదరదు మేడమ్. ఉద్ఘాటన్ కావాలి. నయా రాయపూర్ నుంచి విద్యాశాఖ పెద్దసారు వచ్చి రిబ్బన్ కట్ చేశాకే తీస్తాం," అన్నాను నేనూ హిందీలోనే.

ఆమె కాసేపు హిందీలో కడిగేసింది. తర్వాత గోడవైపు తిరిగి, నాకు అర్థం కాదనుకుని, "ఖర్మ! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్లేదు," అంది.

"పూజారిని కాదండీ, మేం క్రిస్టియన్లం," అన్నాను తెలుగులో.

రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకుంది. దాని వెనక నవ్వుతోందని భుజాలు చెప్పేశాయి. అయిపోయాను నేను, అక్కడికక్కడే.

నా పేరు శామ్సన్. పేరులో ఉన్న బలం మనిషిలో లేదు. రాయపూర్‌లో ఒక చిన్న సంస్థలో పని. ఊళ్ళో ఎవరి దగ్గర ఏముంటే అది బడికి పట్టుకొచ్చి పిల్లలకి సైన్సు, లెక్కలు చేతులతో నేర్పించడం మా పని. తిల్దాలో రైసుమిల్లు సేఠ్ గది బాగుచేయించి మైక్రోస్కోపులు కొనిచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మా నాన్న అబ్రహాం శనివారాలు వచ్చి కొలతలు నేర్పుతానన్నాడు. నర్సు గ్లోరీ ఆంటీ రక్తం గ్రూపులు చూపిస్తానంది. ఇక్కడ బాగా జరిగితే సేఠ్ ఇంకో అయిదు బళ్ళకి ఇస్తాడు. ఆ తర్వాత రాష్ట్రమంతా అని మా ఆశ.

సేఠ్ అడిగింది ఒక్కటే. పెద్దసారు రిబ్బన్ కట్ చేసేదాకా లోపలికి చీమ కూడా పోకూడదు. పేపర్లో ఫోటో పడాలి. తాళంచెవి నా జేబులో ఉండేది.

నళిని వాళ్ళది రాయపూర్‌లోనే మోవా. వాళ్ళ నాన్న జోగయ్య గారు పలాస నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో స్థిరపడ్డారు. ఆమె ఆ స్కూల్లో గెస్ట్ టీచరు. రోజూ రాయపూర్ నుంచి లోకల్ రైల్లో వచ్చేది. నాకు తిల్దాలో వారానికి ఒక్కరోజే పని. కానీ జులైలో వారానికి నాలుగు రోజులు పని పడింది, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

"ఇవాళ ఏం పని మీకు?" అనేది కిటికీ పక్కన కూర్చుని.

"గది చూసి రావాలి."

"మూసిన గదిని రోజూ చూడాలా?"

"బాధ్యత కదండీ."

"అబ్బో!" అని కిటికీలోంచి వాన చూసేది. నేను కిటికీ అద్దంలో ఆమెని చూసేవాణ్ణి. ఒకసారి అద్దంలోంచే దొరికిపోయాను.

"మా కాలేజీలో నలభై మందికి ఒక్క మైక్రోస్కోపు," అంది ఒకరోజు. "నా వంతు వచ్చేసరికి బెల్ కొట్టేవాళ్ళు. మూడేళ్ళూ అంతే. బొమ్మ చూసి పరీక్ష రాశాను, ఫస్ట్ క్లాస్ కూడా వచ్చింది. ఈ పిల్లలు నాలా కాకూడదు శామ్సన్ గారూ. బస్, అంతే."

"ఇంకెంతండీ, పదో తారీకే."

పదో తారీకు పెద్దసారుకి మీటింగ్. ఇరవై అయిదున వానకి రోడ్డు తెగింది. ఆగస్టులో ఆయనకి బదిలీ అయింది, కొత్తాయనకి మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. నేను నీలంరంగు షర్టు ఒకటి కొని ఉంచుకున్నాను. ఉద్ఘాటన్ రోజు అది వేసుకుని, అంతా సంతోషంగా ఉన్నప్పుడు, నళినికి చెప్పేద్దామని. షర్టు కవర్లోనే ఉండిపోయింది.

పిల్లలు ఇంటర్వెల్లో తాళం వేసిన గది కిటికీ దగ్గర గుమిగూడేవాళ్ళు. పదో క్లాసు దులారి మాత్రం రోజూ అడిగేది, "సర్, కబ్ ఖుల్‌హీ?" అని. ఎప్పుడు తెరుస్తారని. వాళ్ళమ్మ సేఠ్ మిల్లులోనే వడ్లు ఎండబోస్తుంది. "జల్దీ," అనేవాణ్ణి. ఆ మాట అన్నప్పుడల్లా నాకే సిగ్గేసేది.

"కనీసం రోజూ గంటసేపు తలుపు తీసి గాలి తగలనివ్వండి," అంది నళిని. "ఈ ముసురుకి లెన్సులు పాడవుతాయి."

"సేఠ్‌కి తెలిస్తే అయిదు బళ్ళు పోతాయి."

"మీకు భయం ఎక్కువ."

"జాగ్రత్త అండీ అది."

ఆమె రిజిస్టరు చంకన పెట్టుకుని క్లాసుకి వెళ్ళిపోయింది. ఇంకో మాట అనుంటే బాగుండేది.

సెప్టెంబరు ఇరవైన లోకల్లో ఒక కాగితం చూపించింది. పర్మనెంట్ పోస్టు. ఎక్కడో కొండాగావ్‌లో, రాయపూర్ నుంచి బస్సులో అయిదారు గంటలు. మూడో తారీకుకల్లా చేరాలి.

"కంగ్రాట్స్," అన్నాను.

"ముప్పయ్యో తారీకు ఇక్కడ నా ఆఖరి రోజు. వెళ్ళేలోపు పిల్లలు ఒక్కసారి చూడాలి. అంతకంటే నాకేం వద్దు."

"ముప్పైకే డేట్ ఇచ్చారు. ఈసారి ఖాయం."

దుమ్ము దులపాలని మర్నాడు తాళం తీశాను. రిబ్బన్ కింద నుంచి వంగి ఇద్దరం లోపలికి వెళ్ళాం. ముక్కిన వాసన గుప్పున కొట్టింది. నళిని ఒక మైక్రోస్కోపు తీసి కిటికీ దగ్గర పెట్టుకుని చూసింది. ఇంకోటి తీసింది. ఇంకోటి. నేనూ చూశాను. లెన్సు నిండా సాలెగూడులా బూజు. మూడు నెలల వాన లోపలికి రాకుండానే వాటిని తినేసింది.

తిడుతుందని నిలబడ్డాను. తిట్టలేదు. బల్ల మీద కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకుంది. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. జేబులో తాళంచెవి నాది, చేసిన పాపమూ నాదే.

పదీ సంచుల్లో సర్దుకుని ఇంటికి మోసుకెళ్ళాను. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ విప్పాడు.

"ఒరేయ్, ఏ మిషనైనా తిప్పుతుంటే బాగుంటుంది. దాచిపెడితే పాడవుతుంది. ఇంత చదివావు, ఇది తెలీదా?"

వారం రోజులు తండ్రీకొడుకులం స్పిరిటూ దూదీ పెట్టుకుని తుడిచాం. అద్దం మీద మరకలు పడిపోయి నాలుగు ఇక పనికిరాలేదు. ఆరు బతికాయి.

ముప్పయ్యో తారీకు పొద్దున్న పదిన్నరకి సేఠ్ ఫోన్ చేశాడు. పెద్దసారు రావట్లేదు, వచ్చే నెల చూద్దాం, తాళం వేసెయ్ అన్నాడు.

వరండాలో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. జడలకి రిబ్బన్లు, చేతుల్లో బంతిపూలు. నళిని నా మొహం చూసి సంగతి కనిపెట్టేసింది. పూలు పక్కన పెట్టండని పిల్లలకి మెల్లగా చెప్పింది.

"దులారీ, కుట్టు క్లాసు కత్తెర పట్రా," అన్నాను.

"శామ్సన్ గారూ..." అంది నళిని.

"పట్రా అమ్మా."

దులారి కత్తెర తెచ్చి నాకివ్వబోయింది. నువ్వే కట్ చెయ్యి అన్నాను. కత్తెర మొద్దుది, మూడుసార్లు నొక్కితేగానీ తెగలేదు. ఎవరూ ఫోటో తీయలేదు.

నళిని ఉల్లిపొర తీసి గాజుపలక మీద పరిచింది. దులారి ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "మేడమ్, ఇందులో గదులున్నాయి," అంది. "అన్నీ పక్కపక్కనే." వెనకున్నవాళ్ళు తోసుకున్నారు. ఆ రోజు ఎవరి వంతుకీ బెల్ కొట్టలేదు. అందరూ అయ్యాక, ఆఖర్న నళిని చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

సాయంత్రం తిల్దా ప్లాట్‌ఫారం మీద వాన. లోకల్ లేటు. ఇంక ఆగలేకపోయాను.

"నళినీ, మీకో మాట చెప్పాలి. జులై నుంచి చెప్పాలనుకుంటున్నాను. మీరంటే నాకు..."

"తెలుసు."

"తెలుసా?"

"కిటికీ అద్దం నాకూ కనపడుతుంది. జులై నుంచి నేనూ చూస్తున్నాను, ఎప్పుడు చెప్తావా అని. దీనిక్కూడా పెద్దసారు రావాలా?" నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఇప్పుడు చెప్తే నేనేం చెయ్యను? సామాను సర్దేశాను. మూడు నెలలుండేవి మనకి శామ్సన్."

మొదటిసారి 'గారు' లేకుండా పిలిచింది. సంతోషించడానికి కూడా వీల్లేకపోయింది. రైలొచ్చింది. రాయపూర్ దాకా కిటికీ బయటే చూస్తూ కూర్చుంది.

సేఠ్ మిగిలిన అయిదు బళ్ళకీ చెయ్యి దులిపేసుకున్నాడు. మా ఆఫీసులో భీమారావు సార్, "ఒక్క గది తెరిచి అయిదు గదులు మూయించావు కదయ్యా!" అన్నాడు. ఆయన మాట తప్పు కాదు. ఆ అయిదు బళ్ళ పిల్లలు ఇప్పటికీ నా మనసులో మెదులుతారు. తిల్దాలో మాత్రం శనివారాలు నాన్న వెళ్తున్నాడు, గ్లోరీ ఆంటీ వెళ్తోంది. నళిని దగ్గర్నుంచి ఫోన్ లేదు. చెయ్యడానికి నాకు మొహం లేదు.

నవంబరు చివర్లో ఆమే చేసింది.

"ఇక్కడ ఒక గది ఖాళీగా ఉంది. ఊళ్ళో సైకిల్ మెకానిక్ ఉన్నాడు, పశువుల డాక్టరు ఉన్నాడు, ఇద్దరూ వస్తామన్నారు. మైక్రోస్కోపే లేదు."

తిల్దా హెడ్‌మాస్టర్‌ని బతిమాలి, రెండు అరువు తీసుకుని, నాన్నని వెంటబెట్టుకుని బస్సెక్కాను. దారంతా తుఫాను ముసురు. దారిలోనే లెక్కలు వేసుకున్నాను. నళిని సరేనంటే అమ్మకి చెప్పాలి. మా అమ్మ సుశీల చర్చి అమ్మాయే కోడలుగా రావాలని పదేళ్ళుగా ప్రార్థన చేస్తోంది. క్రిస్మస్ అయ్యాక చెబుదాం, అప్పుడైతే మనసు మెత్తగా ఉంటుంది అనుకున్నాను.

స్కూలు గేటు దగ్గర నళిని గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. చిక్కిపోయింది. నాన్న పెట్టె ఎత్తుకుని లోపలికి నడిచాడు. తాళంచెవి కోసం చెయ్యి చాచాను.

"తాళం వెయ్యలేదు. పొద్దుటి నుంచి తీసే ఉంది," అంది. తర్వాత, "మా నాన్నకి చెప్పేశాను," అంది.

"ఏమని?"

"నీ గురించి. నువ్వొస్తావో రావో తెలీదు, అయినా చెప్పేశాను."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. నాలుగు రోజులైంది, ఫోన్ ఎత్తట్లేదు. అమ్మ ఎత్తుతుంది, ఏడుస్తుంది. ఒప్పుకుంటారో లేదో నాకు తెలీదు శామ్సన్. కానీ చెప్పకుండా మూసిపెట్టుకుంటే ఏమవుతుందో చూశాను కదా."

నేను గదివైపు చూశాను. గదిలోంచి నాన్న తొంగి చూశాడు. చేతిలో దూది.

"నన్ను చూడకు," అన్నాడు. "నాకు జులైలోనే తెలుసు. తెలియాల్సింది మీ అమ్మకి."

వరండా చివరకి వెళ్తే తప్ప సిగ్నల్ లేదు. వానలో తడుస్తూ అక్కడ నిలబడ్డాను. నళిని వచ్చి గొడుగు నామీదకి జరిపింది. ఆమె భుజం తడుస్తోంది.

"అమ్మా, నేనే. కొండాగావ్ చేరాం... ఆ, తిన్నాం. అమ్మా, నీకో మాట చెప్పాలి... ఇంటికొచ్చాక కాదు. ఇప్పుడే."