నల్లనీళ్ళు తేటపడేదాకా

"మళ్ళీ పెద్ద పంపు పెడతామని చెప్పడానికే అయితే, వచ్చిన దారినే దిగిపోండి," అన్నాడతను.

ఆ ప్రసూతి ఆసుపత్రి పై అంతస్తులో, వార్డు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. రెండు చంకల్లోనూ వేడినీళ్ళ సంచులు. కళ్ళకింద నల్లటి చారలు. ఎదురుగా ఉన్న అమ్మాయి భుజం మీది పనిముట్ల సంచి దించి ఊపిరి పీల్చుకుంది. లిఫ్ట్ పనిచేయడం లేదు.

"నేనింకా నోరే తెరవలేదండీ."

"మీకు ముందొచ్చినవాళ్ళూ ఇలాగే అన్నారు. పెద్ద పంపు పెట్టి పోయారు. ఇప్పుడు కింద అంతస్తులో ఉక్కపోసి కిటికీలు తెరిచి పెట్టుకుంటున్నారు. ఇక్కడ బాలింతలు దుప్పట్లు చాలక వణుకుతున్నారు."

"వాళ్ళెవరో నాకు తెలీదు. మిమ్మల్ని చూస్తే మాత్రం నిద్రపోయి చాలా రోజులైనట్టుంది."

"మిమ్మల్ని చూసినా అంతే."

అది నిజమే కావడంతో ఇద్దరికీ ఇంకేం పోట్లాడాలో తోచలేదు.

అతను ఆ వార్డులో నర్సు. ఆసుపత్రుల్లో మగ నర్సులను పిలిచినట్టే అతన్నీ అందరూ 'బ్రదర్' అంటారు. తోటి నర్సు సెలవు పెట్టడంతో చలికాలం మొదలైనప్పటి నుంచీ రెండు డ్యూటీలూ అతనివే. ఆమెది భవనాల్లో వేడినీటి గొట్టాలు బిగించి గదులు వెచ్చబెట్టే పని. మేస్త్రీగా పేరు తెచ్చుకున్న తండ్రికి మోకాళ్ళు మొరాయించాక పనంతా ఆమె మీద పడింది. దాంతోపాటే 'మేస్త్రమ్మ' అన్న పేరూ వచ్చింది. ఆ ఏడు ఆ చలిప్రాంతపు ఊళ్ళో నీళ్ళు కాచే బాయిలర్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొండికేశాయి.

ఆమె నేలమాళిగలోని బాయిలర్ గదిలో చాలాసేపు గడిపి, మళ్ళీ ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చింది.

"బాయిలర్ పంపూ, అంతస్తుల పంపులూ ఒకే గొట్టం మీద పడి నీళ్ళకోసం కొట్టుకుంటున్నాయి బ్రదర్. పెద్దది గెలుస్తోంది, మీ పైవాళ్ళది ఓడిపోతోంది. మధ్యలో సెపరేటర్ పెట్టాలి."

"అంటే?"

"నిలువుగా నిలబెట్టే ఇనుప డ్రమ్ములాంటిది. బాయిలర్ తన నీళ్ళు అందులోకి తోస్తుంది. ఏ అంతస్తు పంపుకి కావలసినంత అది తీసుకుంటుంది. గాలి పైనుంచి పోతుంది, బురద అడుక్కి దిగుతుంది. ఒకళ్ళ జోలికి ఒకళ్ళు పోరు."

"వేరుకాపురం పెట్టిస్తారన్నమాట."

ఆమె నవ్వబోయి ఆవులించింది. "అలాగే అనుకోండి. కానీ ఒక పగలంతా వేడి ఆపేయాలి."

"కుదరదు. లోపల నిన్న పుట్టినవాళ్ళున్నారు."

"ఆపకపోతే చలికాలమంతా మీ బతుకింతే."

అతను వార్డులోకి ఒకసారి చూశాడు. "సాయంత్రానికి వేడి వస్తుందని మాటిస్తారా?"

ఆమె కాస్త ఆలోచించింది. "ఇస్తాను."

మర్నాడు పొద్దున్నే అతను బాలింతలనూ పసివాళ్ళనూ కింద భోజనాల హాల్లోకి దింపి, కరెంటు హీటర్లు పెట్టించాడు. ఆమె నీళ్ళన్నీ ఖాళీ చేసి గొట్టాలు కోసింది. కోసిన చోట లోపలికి చూసి తల పట్టుకుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న తుప్పు, తారులాంటి బురద. కడగకుండా బాయిలర్ వెలిగిస్తే కొత్త సెపరేటర్ కొద్దిరోజుల్లోనే పూడుకుపోతుంది.

దాన్ని నిలబెట్టి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. తర్వాత ఒక్కో అంతస్తు గొట్టాలూ కడగడం మొదలుపెట్టింది. సాయంత్రమైంది. బయట సన్నగా వాన పట్టింది. హాల్లో తల్లులు పిల్లల్ని కొంగుల్లోకి పొదువుకుంటూ, "ఎంతసేపు బ్రదర్?" అని అడగసాగారు. అతను విసురుగా కిందికి దిగాడు.

ఆమె గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకుని నేల మీద కూర్చుని ఉంది.

"బాగుంది! అక్కడ పసిపిల్లలకు చేతులు చల్లబడుతుంటే మీరిక్కడ కునుకు తీస్తున్నారా?"

ఆమె కళ్ళు తెరవకుండానే, పక్కన మోరీలోకి పారుతున్న గొట్టం వైపు వేలు చూపించింది. నీళ్ళు కాటుక కలిపినట్టు పడుతున్నాయి.

"అవి తేటపడేదాకా నేను చేయగలిగింది లేదు. నిలబడి చూస్తే త్వరగా తేటపడతాయంటే చెప్పండి, నిలబడతాను."

అతని కోపం చప్పున దిగిపోయింది. "ఎప్పుడు తిన్నారు?"

"గుర్తులేదు. మీరో?"

"నాకూ లేదు."

పైకి వెళ్ళి రెండు గ్లాసుల టీ, బ్రెడ్డు ముక్కలూ తెచ్చి ఆమె పక్కనే కూలబడ్డాడు. ఇద్దరూ నల్లనీళ్ళను చూస్తూ తిన్నారు.

"ఇలా తిరుగుతుంటే ఇంట్లో ఏమీ అనరా?"

"సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్ళంతా పెళ్ళయ్యాక ఈ పని మానేస్తావుగా అంటారు. వాళ్ళకి టీ ఇచ్చి సాగనంపుతాను. మీ సంగతేంటి?"

"పోయినసారి అమ్మాయి తరఫువాళ్ళు నన్ను చూడ్డానికొస్తే నేనే లేను. అప్పుడే కవలలు పుడుతుంటే ఎలా వెళ్ళను? మా అక్క ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది."

ఆమె ఈసారి ఆవులింత లేకుండా నవ్వింది. "మీరు భలేవారు బ్రదర్."

"ఆ ఒక్కమాట మాత్రం అనకండి."

"ఏ మాట?"

"అదే... బ్రదర్."

"ఏం? ఎందుకని?"

అతను టీ గ్లాసులోకి చూశాడు. "నీళ్ళు తేటపడ్డట్టున్నాయి, చూడండి."

వేడి వచ్చేసరికి మాటిచ్చిన గడువు కాస్త దాటింది. అయినా పై వార్డులో గోడవారనున్న వేడినీళ్ళ రేడియేటర్ మీద చెయ్యి పెట్టిన బాలింత ఒకామె, కాలితే ఉలిక్కిపడి, అంతలోనే సంతోషంతో ఏడ్చేసింది. మేస్త్రమ్మ వెళ్ళేముందు అతనికి సెపరేటర్ కింది కవాటం చూపించింది. లోపల తుప్పును పట్టి ఉంచే అయస్కాంతం బయటికి లాగి, కవాటం కొద్దిగా తిప్పితే పట్టిన తుప్పంతా కారిపోతుంది. మొదట్లో నెలకోసారి, తర్వాత ఏడాదికోసారి తీస్తే చాలంది.

ఇంకా నెల నిండకుండానే అతను ఫోన్ చేశాడు. "సెపరేటర్లో బురద తీయాలి. నాకు చేతకావడం లేదు."

ఆమె మరో భవనంలో పని ముగించుకుని, తడిసిన జుట్టుతో అలాగే వచ్చింది. కవాటం తిప్పింది. గ్లాసులో పట్టుకుని తాగేంత తేటనీళ్ళు పడ్డాయి. ఆమె ఆ నీళ్ళనూ, అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇందులో బురద ఎవరో ముందే తీశారు."

"నేనే. అప్పుడప్పుడూ."

"అప్పుడప్పుడూ అంటే?"

"గుర్తొచ్చినప్పుడల్లా."

"మతి ఉందా మీకు?" ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. "తీసిన ప్రతిసారీ కొత్తనీళ్ళు చేరతాయి. వాటితో గాలి, గాలితో తుప్పు! అంత కష్టపడి కడిగింది మళ్ళీ తుప్పు పట్టించడానికా? అసలు ఏం గుర్తొచ్చి తీశారు?"

"మీరు."

ఆమె బోర్లించిన బకెట్ మీద మెల్లగా కూర్చుంది.

"నేను చాలా అలిసిపోయి ఉన్నాను. ఇప్పుడిలాంటివి చెబితే నమ్మేస్తాను."

"నమ్మండి. అబద్ధం అల్లే ఓపిక నాకూ లేదు."

"నేను పని మానను."

"మిమ్మల్ని మానమని నేను ఏ నోటితో అంటాను? ఆ బాలింతలు నన్ను బతకనివ్వరు."

ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. నవ్విందో ఏడ్చిందో అతనికి వెంటనే తెలియలేదు. "అయితే మీ అక్కను తీసుకురండి," అంది చేతులు తీసి. "ఈసారి మీరు కూడా ఉండేలా చూసుకోండి."

ఇద్దరికీ సెలవు దొరికిన మధ్యాహ్నం, అతని అక్క తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని మరీ మేస్త్రీ ఇంటికి తీసుకొచ్చింది. అబ్బాయినీ అమ్మాయినీ సోఫాలో కూర్చోబెట్టి పెద్దలు కుర్చీల్లో మాటలు మొదలుపెట్టారు.

"మా అమ్మాయికి పనే లోకమమ్మా. ఇల్లు పట్టదు."

"మావాడికి మాత్రం పడుతుందా బాబాయిగారూ? ఇంటికొచ్చేది బట్టలు మార్చుకోడానికే."

"మరి ఇద్దరూ ఇలాగైతే ఎలా?"

"ఆ మాటేదో వాళ్ళనే అడుగుదాం," అంటూ అక్క సోఫా వైపు తిరిగింది.

ఇద్దరూ నిద్రపోతున్నారు. ఆమె తల అతని భుజం మీదికి ఒరిగింది. అతని చేతిలో తాగని టీ గ్లాసు ఒలకకుండా అలాగే ఉంది.

అక్క లేపబోయింది. మేస్త్రీ వద్దని సైగ చేసి, మోకాళ్ళు పట్టుకుని లేచి, గ్లాసు తీసి పక్కన పెట్టాడు. లోపల్నుంచి దుప్పటి తెచ్చి ఇద్దరికీ కలిపి కప్పాడు.

"మరి వాళ్ళ అభిప్రాయం?" గుసగుసగా అడిగింది అక్క.

"ఇంకా అభిప్రాయమేంటమ్మా," అన్నాడాయన. "పెళ్ళి మాత్రం చలికాలం పోయాకే పెట్టుకుందాం. తాళి కట్టే ఆ కాస్తసేపైనా ఇద్దరూ మెలకువగా ఉండాలి కదా."