లాకులో వేసిన ముడి

అసుర సంధ్య...! ఆకాశం నెత్తురు కక్కుతోంది. ప్రతి ఉరుముకూ గట్టు మీది గుడ్లగూబ బదులు పలుకుతోంది. నూరేళ్లనాటి ఆవిరి పడవ ప్రయాణికులతో కాలువ లాకులోకి ప్రవేశించగానే వెనుక తలుపులు మూసుకున్నాయి. ఇక నీటిని దించితే పడవ కూడా దిగి, దిగువ కాలువలోకి సాగాలి. అదే దాని ఆఖరి ప్రయాణం. రేపు తుక్కు కింద కోసేస్తారు.

బాయిలరు దగ్గరే తల నెరిసిన ఇంజను డ్రైవరు ఊరుకుంటాడా! కట్టుకున్నది పోతే కన్నీటిచుక్క రాల్చనివాడు, ఈ ఇనుము కోసం క్షుద్రోపాసనకు దిగాడు. కరాళ కపాలాన్ని బాయిలరు మంట ముందు నిలిపాడు. ఒక సజీవ ప్రాణాన్ని అందులో ఆహుతి ఇస్తే పడవకు మరణం లేదట! ఆ ప్రాణం అన్న కూతురిది, తానే పెంచిన బిడ్డది... పడవలో వంట చేసే పిల్లది!

ఆమె జుట్టు విరబోసుకుని మంటవైపు నడుస్తోంది. కళ్లలో నల్లగుడ్లు లేవు! ఆమె భర్త, పడవ నడిపే సరంగు, రెండు చేతులా లాగుతున్నా ఆగడం లేదు.

"మామయ్యా! నీ బిడ్డలాంటిది కదా!"

"బిడ్డలు మళ్లీ పుడతారు అల్లుడూ! ఇలాంటి పడవ పుడుతుందా?"

డ్రైవరు మంత్రించిన తాడును గట్టు మీది గుంజకు బిగించి, తన నడుముకు మెలిక వేసి, కొసను డెక్కు గుంజకు ముడివేశాడు. లాకులో నీరు దిగేకొద్దీ తాడు వదులుతూ ఉండాలే గాని ముడి వేయకూడదని సరంగుకు నేర్పింది అతనే!

"నేను చెప్పేదాకా నీళ్లు దిగవు!" అని వికటాట్టహాసం చేశాడు.

లాకు కాపలాదారుకు మంత్రాలేం తెలుసు? రోజూలాగే నీళ్లు దించే చక్రం తిప్పాడు. నీరు పల్లమెరుగు... ఏ క్షుద్రశక్తికీ జడవదు! పడవ దిగింది. తాడు డ్రైవరు నడుముకు బిగిసింది. పడవ పక్కకు ఒరిగింది.

"కొయ్యి అల్లుడూ... కొయ్యి!"

సరంగు గొడ్డలి ఎత్తాడు. తాడు తెగితే మామయ్య బతుకుతాడు. మామయ్య బతికితే ఆమె దక్కదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

డెక్కు గుంజ పెళ్లున పెకలింది! తాడు డ్రైవరును లాకు రాతిగోడకేసి కొట్టింది; ప్రాణం లేని ఒళ్లు నీళ్లలోకి జారింది. కపాలం దొర్లి మంటల్లో భళ్లున పగిలింది. ఇదంతా తమ వినోదం కోసమే అనుకుని ప్రయాణికులు చప్పట్లు కొట్టారు.

ఆమెకు తెలివి వచ్చింది. ముందు నీళ్లను చూసింది, తర్వాత గొడ్డలిని.

"బాబాయ్ అరుస్తుంటే నాకు వినపడింది. నువ్వు కొయ్యలేదు."

"నీ కోసమే..."

"నన్ను పెంచింది ఆయన."

లాకు గోడకున్న ఇనుప నిచ్చెన అందుకుంది. సరంగు చెయ్యి సాయం ఇవ్వబోయాడు. ఆమె పట్టుకోకుండానే గట్టెక్కి వెళ్లిపోయింది.