కాజా రుచి కాకరకాయ

కాకరకాయ ముక్క నోట్లో పెట్టుకోగానే నాగభూషణం కళ్ళు మూసుకున్నాడు.

"కాజా! పాకం కారుతున్న కాజా!" అన్నాడు.

ఎదురుగా కూర్చున్న డాక్టర్ సత్యవేణి నోట్‌బుక్‌లో టిక్కు పెట్టింది. ఆమె కాకినాడలో ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ఆయన ఆమె అక్క భర్త. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కూర అంటే బంగాళాదుంప వేపుడే అనుకుంటూ నలభై ఆరేళ్ళకి వచ్చాడు. షుగర్ పరీక్షలో అంకె అంచు మీద నిలబడింది. మూడు నెలల్లో దిగకపోతే జబ్బు ఖాయమని డాక్టరు చెప్పేశాడు.

సత్యవేణి కనిపెట్టిన 'రుచిపొర' బ్రహ్మపదార్థమేమీ కాదు. అంగిట్లో అంటించుకునే పల్చటి ప్లాస్టిక్ ముక్క. అందులోని సెన్సర్ మనం తింటున్నదేమిటో పసిగడుతుంది. చిప్ నాలుక నరాలకి చిటికెడు కరెంటు పంపి, మనకిష్టమైన రుచి చూపిస్తుంది. కాయగూరలు బాగా తినేవాళ్ళకి షుగర్ వచ్చే ప్రమాదం తక్కువ. తినబుద్ధి కాకపోవడమే కదా గొడవంతా! ఆ గొడవ తీరిపోయిందని సత్యవేణి పొంగిపోయింది. బాగా చదువుకున్నవాళ్ళకి ఈ పొంగు మామూలే. వండే మనిషి కూడా రుచి చూసుకోవాలి గనక అక్క భ్రమరాంబకీ ఒక పొర అంటించి వెళ్ళింది.

మూడు నెలల తర్వాత వచ్చి చూస్తే అంకె ఇంకాస్త పైకెక్కింది.

"అక్కా, కూరలు పెట్టడం లేదా?"

"పెడుతున్నానే, పండక్కో ముక్క," అంది భ్రమరాంబ. "అంత తియ్యటివి రోజూ ఎలా పెడతాను? అసలే షుగర్ అంచున ఉన్న మనిషి!"

"మరి అన్నంలోకి?"

"కాజాలు అన్నంలో ఎవరు కలుపుకుంటారమ్మా?" అన్నాడు నాగభూషణం. "ఆవకాయతో నాలుగుసార్లు వడ్డించుకుంటున్నాను. సొరకాయ ముక్కలు మాత్రం పెట్టె కట్టించి వియ్యాలవారికి పంపాం. ఎందుకో మళ్ళీ మాట్లాడలేదు."

సత్యవేణి తల పట్టుకుంది. డాక్టర్ని బతిమాలి ఇంకో మూడు నెలలు గడువు తెచ్చింది. ప్రోగ్రామ్ తిరగేసింది. ఇక కూరలు కూరల్లాగే ఉంటాయి, తీపి వస్తువేదైనా వేపాకులా ఉంటుంది.

"ఇప్పుడు లడ్డూ ముట్టుకోండి చూస్తాను, బావగారూ!" అని సవాలు చేసి మరీ వెళ్ళింది.

గడువు తీరిన రోజు పొద్దున్నే వచ్చేసరికి నాగభూషణం ముక్కు మూసుకుని లడ్డూ మింగుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పక్కన భ్రమరాంబ మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది.

"ఇంకొక్కటే అండీ, గుటుక్కున మింగేయండి," అంటోంది.

"ఏమిటిది బావగారూ!"

"చేదమ్మా, కటిక చేదు! చేదు షుగర్‌ని విరిచేస్తుందని అందరూ అంటారుగా. పరగడుపున రెండు, సాయంత్రం రెండు. ఒక్క పూట తప్పితే ఒట్టు!"

టేబుల్ మీద కొత్త రిపోర్టు ఉంది. జబ్బు వచ్చేసింది. సత్యవేణికి నిజంగానే ఏడుపొచ్చింది.

నాగభూషణానికి మరదల్ని చూసి జాలేసింది. తన ఆరోగ్యం కోసం ఇంత బెంగపెట్టుకున్న పిల్ల ఇంకెవరున్నారు?

"ఊరుకో తల్లీ," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "డోసు చాల్లేదంతే. రేపట్నుంచి పూటకి మూడేసి వేసుకుంటాను."