చేతికి తెలిసిన ఇల్లు

పాలు పొంగకముందే ఆవిడ చెయ్యి స్టవ్వు మీటకి చేరింది. పొంగు వచ్చే ముందు గిన్నెలోంచి ఒక సన్నని గొణుగుడు వినిపిస్తుంది, అది ఆవిడకి తెలుసు. మంట తగ్గించి, కుడిచేతి పక్క అరలోంచి పంచదార డబ్బా అందుకుంటుండగా పెరటి వైపు ఇసుక లారీ ఆగిన చప్పుడయింది.

"వచ్చేశాడమ్మా మేస్త్రి. ఇంకో గ్లాసు టీ పెట్టనా?" అంది కోడలితో.

"నేనిస్తే వద్దంటాడు, మీరిస్తే తాగుతాడు. పెట్టండత్తయ్యా," అంటూ కోడలు జడ అల్లుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

అత్తగారికి చూపు పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు బడికి వెళ్ళే రోజుల్లోనే పూర్తిగా పోయింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ సంగతి తెలిసి కూడా కోడలికి నమ్మబుద్ధి కాలేదు. ఆ ఇంట్లో ఆవిడ ఏనాడూ తడుముకుంటూ నడవలేదు. కుళాయి చప్పుడు, కిటికీలోంచి వచ్చే గాలి, వంటింటి గచ్చులో అరికాలికి తగిలే చిన్న పల్లం, ఇవి చాలు ఆవిడకి. "అడుగులు లెక్కపెట్టుకుంటారా అత్తయ్యా?" అని కోడలు ఒకసారి అడిగితే ఆవిడ నవ్వింది. "లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పాలన్నీ పొయ్యి పాలే. నువ్వు అన్నం తినేటప్పుడు నీ నోరెక్కడుందో వెతుక్కుంటావా ఏంటి?"

ఇప్పుడు ఆ ఇంటికి కొత్తగా ఒక గది కలుస్తోంది. కోడలికి అయిదో నెల. ఉన్నవి హాలు, ఒక పడకగది, వంటిల్లు. పుట్టబోయే బిడ్డకీ, అమ్మకీ కలిపి వంటింటి వెనక ఒక గది, దానికో బాత్రూమ్ వేయిద్దామని కొడుకు అన్నాడు. కరెంటాఫీసులో గుమాస్తా అతను. కోడలు ఒక చిన్న ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. పని అయ్యేదాకా వేరే చోటికి వెళ్ళకుండా ఉన్న ఇంట్లోనే సర్దుకుందామని ఇద్దరూ అనుకున్నారు.

సర్దుకోవడమే చిక్కు తెచ్చింది.

వంటింటి వెనక గోడకి తలుపు కొట్టాలి కాబట్టి స్టవ్వు, గిన్నెలు వరండాలోకి వచ్చాయి. బియ్యం డబ్బా హాల్లో సోఫా వెనక్కి చేరింది. కోడలు ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. సాయంత్రం పనివాళ్ళు వెళ్ళగానే చీపురు పట్టుకునేది. అత్తయ్య కాలికి ఏదీ అడ్డు రాకూడదని పారలు, బక్కెట్లు, చెక్కలు ఏ మూల ఖాళీ ఉంటే ఆ మూలకి చేర్చేది. ఒకరోజు కుర్చీలు గోడవారకి జరిపింది. ఇంకోరోజు దుమ్ము పడుతుందని డబ్బాలన్నీ బల్ల కిందకి దింపింది. ఎక్కడికక్కడ శుభ్రంగా ఉందని తృప్తిగా పడుకునేది.

తెల్లారి లేచేసరికి అత్తగారికి అది వేరే ఇల్లు.

ఆవిడ ఏమీ అనలేదు. అడిగి చేయించుకునే అలవాటు లేని మనిషి. కానీ మెల్లగా గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. "అమ్మాయ్, గరిటె ఎక్కడుంది?" "అమ్మాయ్, నా చెప్పులు కాస్త అందిస్తావా?" అని పిలవసాగింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా కోడలు చేతిలో పని వదిలి పరుగెత్తేది. అత్తయ్యకి పెద్దతనం వచ్చేస్తోంది కాబోలు అనుకుంది.

ఆ ఆదివారం ఉదయం ఆకాశం నల్లబడింది. పెరట్లో సిమెంటు సంచులు తడుస్తాయని కొడుకు గబగబా వాటిని మోసుకొచ్చి వరండాకీ హాలుకీ మధ్యనున్న సందులో పెట్టాడు. చేతులు దులుపుకుని స్నానానికి వెళ్ళాడు. వేడినీళ్ళ గిన్నె పట్టుకుని అదే సందులోకి వచ్చిన అత్తగారు సంచి తగిలి ముందుకి పడింది. గిన్నె అవతలికి ఎగిరిపోబట్టి సరిపోయింది గానీ, మోకాలి కింద చర్మం లేచిపోయింది.

కోడలు పరుగెత్తుకొచ్చింది. కొడుకు తడి ఒంటితోనే వచ్చాడు. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, రక్తం తుడిచి, మందు రాసేదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత ఆగలేదు.

"నాదే తప్పు, మొదట్లోనే పంపించాల్సింది. చెల్లి ఎన్నిసార్లు అడిగింది నిన్ను పంపమని? ఆ నీళ్ళు నీ మీద పడుంటే? పక్కన నీ కోడలుండి తన మీద పడుంటే? ఇప్పుడే ఫోన్ చేస్తున్నా. రేప్పొద్దున కారు పంపుతుంది. పని అయ్యేదాకా అక్కడే ఉండు."

"అరవకురా. నాకు పోయింది కళ్ళే, చెవులు బాగానే ఉన్నాయి," అంది తల్లి.

"ఇప్పుడు హాస్యాలొద్దమ్మా. ఈ గది ఎవరి కోసం కట్టిస్తున్నాను? నీ సుఖం కోసం కాదూ?"

"నా సుఖం ఏంటో నన్నెప్పుడు అడిగావు?"

కొడుకు ఫోన్‌లో చెల్లి నంబరు వెతుకుతున్నాడు. తల్లి చీర కుచ్చిళ్ళు మోకాలి మీదకి సర్దుకుని నెమ్మదిగా మాట్లాడింది.

"పంపిస్తే వెళ్తాను. కానీ ఏమవుతుందో చెప్తా విను. అన్నీ అయ్యాక తీసుకొస్తారు. ఆ కొత్త గదిలో మంచం మీద కూర్చోబెడతారు. మంచినీళ్ళు కావాలంటే పిలవమంటారు. బాత్రూమ్‌కి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. ఇక ఈ ఇంట్లో నేను చుట్టాన్నే."

"అదేం మాటమ్మా?"

"పూర్తి కానివ్వు. చూపు పోయినప్పుడు అమ్మ గట్టిగా నిలబడింది, ఏడవలేదు అని అందరికీ చెప్తావు. ఏడ్చానురా. మీరు బడికి వెళ్ళాక ఏడ్చేదాన్ని. మళ్ళీ లేచి వంట చేశానంటే ఈ ఇల్లు నాకు తెలుసు కాబట్టి. ఇప్పుడిది మారుతోంది. మారేటప్పుడు ఇక్కడే ఉంటే దాంతోపాటు నాకూ తెలుస్తుంది. మొత్తం మారిపోయాక వస్తే, ఈ వయసులో మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవడం నా వల్ల కాదు." ఆవిడ గొంతు తగ్గింది. "రేపు బిడ్డ ఏడుస్తుంది. తలుపెక్కడుందో తెలియనిదాని చేతికి బిడ్డనెవరిస్తారు? నేనైతే ఇవ్వను."

కోడలు దూది పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. ల్యాబ్‌లో కొందరి చేతుల్లో నరం ఎంత చూసినా కనిపించదు. అలాంటప్పుడు ఆమె చూడటం మానేస్తుంది. వేలితో ఒత్తి వెతుకుతుంది. దొరికిన నరం వేలి కింద ఉండగానే సూది దించాలి. ఆ క్షణంలో ఆ మనిషి చెయ్యి కాస్త కదిపాడంటే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఎన్నిసార్లు విసుక్కుంది అలా కదిపినవాళ్ళని.

తను రోజూ సాయంత్రం చేస్తున్నది అదే కదా అనిపించింది.

"ఫోన్ పెట్టేయండి," అంది భర్తతో.

"నువ్వు కూడానా?"

"ముందు వినండి. ఇవాళ ఒక్క సంచి అడ్డొచ్చి అత్తయ్య పడ్డారనుకుంటున్నారు మీరు. రోజూ నేనే పడేస్తున్నాను. ఇల్లు సర్దుతున్నాననుకున్నాను గానీ, అత్తయ్య కాళ్ళ కింద నుంచి ఇల్లు లాగేస్తున్నాను. ఎక్కడ ఏం పెట్టానో ఒక్కరోజైనా చెప్పానా? మీరు సంచులు తెచ్చి పెట్టి చెప్పారా?"

"చెప్పినా పడొచ్చు. అప్పుడేం చేస్తావ్?"

దానికి తల్లే జవాబిచ్చింది. "పడితే లేస్తానురా. కూర్చోబెట్టేస్తే మాత్రం లేవలేను."

కొడుకు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు. తర్వాత సందులోకి వెళ్ళి ఒక సంచి భుజానికెత్తుకున్నాడు.

"అమ్మా, సంచులు మళ్ళీ పెరట్లోకే తీసుకెళ్తున్నా. మీద పట్టా కప్పుతా. సందు ఖాళీ," అన్నాడు.

"సరే నాన్నా. చొక్కా వేసుకుని మొయ్యి, ఒళ్ళు దురద పెడుతుంది," అంది తల్లి.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. ఎవరు ఏది కదిపినా ఆవిడకి చెప్పాలి. మేస్త్రికి ఈ సంగతి చెబితే తలూపి ఊరుకుంటాడనుకున్నారు గానీ, అతను పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి, "పెద్దమ్మగారూ, ఇటుకలు కుళాయి పక్కన దింపిస్తున్నా, ఇసుక మాత్రం నిన్నటి చోటే," అని కేకేసి మరీ పని మొదలుపెట్టేవాడు. కొడుకైతే హద్దు లేకుండా పోయాడు. "అమ్మా, నా చెప్పులు తలుపు పక్కన విప్పాను. అమ్మా, పేపరు బల్ల మీద పెట్టాను."

"ఒరేయ్, పేపరు తట్టుకుని ఎవరూ పడరు," అనేది తల్లి.

సాయంత్రం పనివాళ్ళు వెళ్ళాక కోడలు చీపురు పక్కన పెట్టి అత్తగారితో కలిసి కొత్త గోడల మధ్యకి వెళ్ళేది. ఆవిడ అరచెయ్యి తడి ఇటుకల మీద పాకించుకుంటూ నడిచేది. గోడ నడుము దాకా వచ్చింది, భుజం దాకా వచ్చింది, చెయ్యి ఎత్తినా అందనంత పైకి వెళ్ళింది. కిటికీ చోటు వదిలినరోజు అక్కడ నిలబడి గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంది. స్లాబు పడ్డాక గది మధ్యలో ఒక్కసారి చప్పట్లు కొట్టి, గోడల నుంచి తిరిగొచ్చిన చప్పుడు విని, "ఇప్పుడు గదయింది," అని నవ్వింది. ఈవిడ ధైర్యంలో కాస్తయినా తన బిడ్డకి వస్తే బాగుండునని కోడలు కడుపు మీద చెయ్యి వేసుకుంది.

వంటింటి గోడ కొట్టినరోజు ఇల్లంతా దుమ్ము. గిన్నెల్లో, పక్కబట్టల్లో, నోట్లో కూడా దుమ్మే. కొడుకూ కోడలూ కళ్ళు నులుముకుంటూ హాల్లో నిలబడిపోతే ఆవిడ పైట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పాత వంటింట్లోంచి కొత్త గదిలోకి వెళ్ళి, అటూ ఇటూ తిరిగి వచ్చింది. "తలుపు బాగా కుదిరింది," అంది.

బిడ్డ పుట్టిన తర్వాత ఆవిడ కూతురు చూడటానికి వచ్చింది. అప్పటికి రంగులు కూడా వేసేశారు. హాల్లో కూర్చుని అన్నగారి మీద నిష్ఠూరం మొదలుపెట్టింది. "అంత దుమ్ములో అమ్మని ఉంచేశావు గానీ నా దగ్గరికి పంపలేదు కదా అన్నయ్యా. నేను చూసుకోననుకున్నావా?"

అతను బిడ్డ బట్టలు మడత పెడుతూ ఏదో చెప్పబోయేంతలో లోపలి గది నుంచి ఏడుపు వినిపించింది. కోడలు స్నానం చేస్తోంది. తల్లి లేచింది.

"అన్నయ్యా, కూర్చున్నావేంటి? అమ్మ ఒక్కతే వెళ్తోంది," అంది కూతురు కంగారుగా.

"వెళ్తుంది," అన్నాడతను, ఇంకో చొక్కా తీసుకుని మడుస్తూ.

కూతురు ఆగలేక తల్లి వెనకాలే పరుగెత్తింది. వంటిల్లు దాటి కొత్త గది గుమ్మంలోకి వెళ్ళేసరికి ఎత్తుగా ఉన్న గడప ఆమె బొటనవేలికి ఫెడీమని తగిలింది. తూలి తలుపు పట్టుకుని నిలబడింది. ఎదురుగా తల్లి అప్పటికే ఉయ్యాలలోంచి బిడ్డని ఎత్తుకుని భుజాన వేసుకుంది. ఏడుపు సన్నబడింది.

"ఇక్కడ గడప కాస్త ఎత్తు. నీకు కొత్త కదా," అంటూ తల్లి బిడ్డని ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చెయ్యి కూతురి వైపు చాచింది. "నా చెయ్యి పట్టుకుని రా."