మూడో ప్రశ్న

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, కోడలు ఫోన్ అందుకుంది. ఆమెది ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. మహమ్మారికి భయపడి తలుపులు మూసుకున్న ఇళ్లకి, పనులు పోయి కూర్చున్న ఇళ్లకి రోజూ ఫోన్ చేసి మంచీచెడూ కనుక్కోవడం ఇప్పుడామె పని.

అడగాల్సినవి మూడే. నిద్ర పడుతోందా? అన్నం సహిస్తోందా? మూడోది అడగడానికి మొదట్లో నోరు రాలేదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" డొంకతిరుగుడు లేకుండా ఆ మాటలతోనే అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, లోపలున్నదే బయటికొస్తుంది అని శిక్షణలో డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

"పొద్దున్నే ఆ చావు మాటలేంటే! పాలు విరిగిపోతాయి," అత్తగారు విసుక్కుంది.

"నిన్న విరిగినప్పుడు నేను స్నానానికి వెళ్లాను అత్తయ్యా. నా మాటల పాపం కాదు."

ముసలావిడ మూతి తిప్పుకుంది కానీ, ఆ మూతి చివర నవ్వుంది.

అంతలో లోపలి గదిలోంచి కోడలి భర్త వచ్చాడు. అతను బడి వ్యాను నడిపేవాడు. బడులు మూసిన కొత్తలో వ్యాన్ని రోజూ కడిగి తుడిచేవాడు. ఈమధ్య గడప దాటడం లేదు, గడ్డం గీయడం లేదు. "బద్ధకం. బడి తెరిస్తే వాడే లేస్తాడు," అని తల్లి అనేది. కోడలూ తలూపేది. ఊరందరినీ అడిగే మనిషి, ఇంట్లోవాణ్ణి మొదటి ప్రశ్న కూడా అడగలేదు.

అతను వ్యాను తాళాలు బల్ల మీద పెట్టాడు. "ఎవరైనా కొంటానంటే ఇచ్చెయ్. అమ్మ మందుల సంగతి నీకు తెలుసుగా. ఇక నా అవసరమేముంది?" అని మళ్లీ లోపలికెళ్లిపోయాడు.

అన్నీ సర్దిపెట్టేసే ఇలాంటి మాటలు, చావాలనుకున్నవాళ్ల నోట ఆమె ఫోన్లో వింది. పొయ్యి ఆపి గది వైపు నడిచింది. గుమ్మంలో అత్తగారు అడ్డం నిలబడింది.

"ఎక్కడికి? ఆ ప్రశ్న నా కొడుకుని అడుగుతావా?"

"అడుగుతాను."

"నోరు పడిపోద్ది! కావాలంటే ఊళ్లోవాళ్లని అడుగు. నా కడుపున పుట్టినవాణ్ణి అడగడానికి వీల్లేదు."

"ఊళ్లోవాళ్లూ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లే అత్తయ్యా. నన్ను తర్వాత ఎంత తిడతారో తిట్టండి. ఇప్పుడు మాత్రం తప్పుకోండి."

ఆ గొంతులో ఎప్పుడూ వినని గట్టిదనం విని ముసలావిడ పక్కకి జరిగింది.

అతను మంచం అంచున కూర్చునున్నాడు. ఆమె నేల మీద కూర్చుని అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఏమండీ... చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

అతని భుజాలు కదిలాయి.

"అనిపిస్తోంది. పొద్దున లేవగానే పిల్లలు కిటికీ సీటు కోసం కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది. చూస్తే ఎవరూ ఉండరు. నేనెందుకూ పనికిరాననిపిస్తోంది. నీకు ఎలా చెప్పను?"

"చెప్పారుగా. ఇక మిమ్మల్ని ఒంటరిగా వదలను. డాక్టరమ్మకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఇది బద్ధకం కాదు, జబ్బు. తగ్గుతుంది."

గుమ్మం దగ్గర వెక్కిళ్లు వినిపించాయి. అత్తగారు గోడ పట్టుకుని వచ్చి కొడుకు పక్కన కూలబడింది.

"మీ నాన్న పోయినప్పుడు నాకూ ఇలాగే ఉండేదిరా. నిన్ను ఒళ్లో పెట్టుకునే చచ్చిపోదామనుకునేదాన్ని. వచ్చినవాళ్లంతా ధైర్యంగా ఉండమనేవాళ్లు. ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే చెప్పేసేదాన్ని."

అతను చిన్నపిల్లాడిలా తల్లి భుజం మీద తలవాల్చి ఏడ్చాడు. ఆవిడ అతని మాసిన గడ్డం నిమురుతూ ఉండిపోయింది.

కోడలు కళ్లు తుడుచుకుని నంబరు నొక్కింది.

"మేడం, నేనే. ఇవాళ మా ఇంటి నుంచే. మా ఆయన గురించి."

"ఆ స్పీకరు పెట్టవే," అంది అత్తగారు, కొడుకు చెయ్యి వదలకుండా. "ఏం చెయ్యాలో నేనూ వినాలి."