గడప దాటని కథానాయకుడు

నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదుట, మందుల దుకాణం పైగదిలో ఉండే ప్రైవేటు డిటెక్టివ్ మాసయ్యకు ఆ ఉదయం రెండు విసుగులు కలిసి వచ్చాయి. మొదటిది కరెంటు పోవడం. రెండోది, ఒక నవల పట్టుకుని ఏడుస్తూ వచ్చిన అమ్మాయి. 2007 మే నెల. ఫ్యాను లేకుండా సాహిత్యం వినవలసి రావడం ఎవరికైనా కష్టమే.

ఆమె పేరు సుప్రియ, కూలి చేసుకునే తల్లి బిడ్డ, తెలకపల్లిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. నవల పేరు ‘నాలుగో ఎండకాలం’.

"ఇది నేను రాసిన సార్. మీద పేరు మాత్రం శ్రవణ్ కుమార్ సారుది."

శ్రవణ్ కుమార్ వనపర్తిలో తెలుగు లెక్చరర్, ఊళ్లో భూములున్న పటేలు కుటుంబం వాడు. సుప్రియ ఒకప్పుడు ఆయన విద్యార్థిని.

"నీ చేతిరాత ప్రతి ఉంటది గద. అది చూపియ్యి, అయిపాయె," అన్నాడు మాసయ్య.

"చదివి చెప్పమని సారుకే ఇచ్చిన. ఇప్పుడేమో ‘నేను చెప్తుంటే ఆ పిల్ల రాసిపెట్టింది, చేతిరాత దానిదే గని నవల నాది’ అంటుండు."

"చిత్తు కాయితాలు?"

"అమ్మ పొయ్యిల వెట్టింది సార్. అమ్మకు చదువు రాదు."

మాసయ్య నుదురు కొట్టుకున్నాడు. సహాయకుడు లక్ష్మణ్ ఆమెకు మంచినీళ్లిచ్చాడు.

"అడిగినందుకు పరువునష్టం కేసేస్తనన్నడు. బడోళ్లు ఇగ రావద్దన్నరు. ఆదివారం సారుకు సన్మానం. అదైపోతే నా మాట ఎవరు నమ్ముతరు సార్?"

"కథల పిల్లగాడు పటేలోళ్ల కొడుకని అట్ట మీదనే ఉంది. నువ్వేమో కూలోళ్ల బిడ్డవు. ఇప్పుడు మాత్రం ఎవరు నమ్ముతరు?"

సుప్రియ తలదించుకుంది. "మొదాలు మా అమ్మ మీదనే మొదలువెట్టిన. కూలోళ్ల కథ ఎవరు అచ్చేస్తరు, పటేలోళ్ల ఇంట్ల పుట్టినట్టు రాయి అని సారే చెప్పిండు. మా అమ్మ సారు వాళ్లింటి కాడనే పనిచేస్తది. ఆ ఇల్లే రాసిన."

ఆమె వెళ్లాక మాసయ్య పుస్తకం తెరిచాడు. ఇరవై ఏళ్లు పోలీసు శాఖలో దొంగల వెంట తిరిగినవాడికి ఇప్పటి నవల చదవడమంటే సున్నం నమిలినట్టు ఉంటుంది.

"ఒక్క ఖూనీ లేదు, ఒక్క దొంగతనం లేదు! వీడు అరుగు మీద కూసున్నడు, మొగులు దిక్కు చూసిండు, మల్ల కూసున్నడు. గిది నవలనా, బస్సు కోసం ఎదురుచూపా?"

అయినా వదల్లేదు. కరువులో, కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీలెక్కి వలసపోయే వాళ్లను చూస్తూ పెరిగే పటేలు కొడుకు కథ అది. మధ్యాహ్నానికి మాసయ్య తెల్ల కాగితం తీసి, నవలలోని ఇంటి పటం గీయసాగాడు.

"ఇల్లెందుకు సార్?" ఆ నవల ముందే చదివిన లక్ష్మణ్‌కు ఏమీ అర్థం కాలేదు.

"ఖూనీ జరిగిన జాగకు పటం గీస్తం. నవలకు గీయొద్దని రూలుందా? వానొచ్చినప్పుడు ఈ పిల్లగాడు ఏడికి పోయిండు?"

"చూరు కిందికి సార్."

"జరమొస్తే?"

"అరుగు మీదనే పండుకున్నడు. తల్లి అన్నం బయటికే తెచ్చిపెట్టింది. అది ఒంటరితనం సార్! ముందుమాటల శంకరయ్య గారు ఎంత మంచిగ రాసిండ్రు! ‘కనిపించని ఇల్లు ఆధునిక మానవుని ఏకాకితనానికి ప్రతీక’ అని."

"నీ తలకాయ ప్రతీక," అన్నాడు మాసయ్య. "రేపు బిజినేపల్లి పోతున్నం. ఆ శంకరయ్యను గూడ రమ్మను."

శ్రవణ్ కుమార్ పుట్టి పెరిగిన ఇల్లు బిజినేపల్లి పక్క ఊళ్లో ఉంది. మరునాడు అందరూ ఆ ఇంటి అరుగు మీద చేరారు. పుస్తకం అచ్చువేసి, ముందుమాట రాసి, సన్మానమూ తలపెట్టిన శంకరయ్య కుర్చీలో కూర్చున్నాడు. లెక్చరరు తల్లి రుక్కమ్మ దర్వాజ దగ్గర పీట వేసుకుంది. సుప్రియ ఒక మూల నిలబడింది. ఆమె తల్లి జమ్ములమ్మ, ఎవరూ చెప్పకుండానే, అరుగు కింద నేల మీద కూర్చుంది.

మాసయ్య పటం విప్పాడు. "ఇది నవలల ఉన్న ఇల్లు. రాతి తొట్టి, ఎడమకు గడ్డివాము, విరిగిన మెట్టు, అన్నీ ఈడ ఉన్నయి."

శ్రవణ్ కుమార్ నవ్వాడు. "నేను చెప్పేదీ అదే కదండీ! నా ఇల్లు, నా బాల్యం. వేరే రుజువెందుకు?"

"మంచిది సారూ. మీ వంటిల్లు ఎట్లుంటుండె?"

లెక్చరరు ముఖం వెలిగిపోయింది. తూర్పు గోడకు పొయ్యి, ఉట్టి మీద పెరుగు, దొంగతనంగా చెయ్యి పెట్టే మామిడికాయ తొక్కు జాడి, నాయనమ్మ పడుకునే చీకటి అర్ర, అన్నీ కళ్లు మూసుకుని చెప్పాడు. బాగా చెప్పాడు కూడా.

"మరి నవలల ఇందుల ఒక్కటి గూడ లేదేంది? ఈ పటంల గడప దాటినంక మొత్తం ఖాళీనే. ఇంటి కొడుకు జరమొచ్చినా లోపల పండుకోడు, వానొచ్చినా లోపలికి పోడు."

"అది శిల్పం! శంకరయ్య గారు ముందుమాటలో..."

శంకరయ్య గంభీరంగా తల ఊపాడు.

"సరే, శిల్పమే అనుకుందం. లోపలికి పోయి చూసిన ఇల్లు నవల మొత్తంల ఒక్కటే ఉంది, కూలామె గుడిసె. ఉప్పు కుండ ఏ మూలనో, కప్పు చిల్లిల నుంచి ఎండ ఏ గిన్నెల పడ్తదో గూడ రాసి ఉంది. ఆ ఇల్లు మీకెట్ల తెలుసు?"

శ్రవణ్ కుమార్ అరుగు కిందికి చెయ్యి చూపాడు. "చిన్నప్పుడు రోజూ పోయేవాణ్ణి. ఈ జమ్ములమ్మ గుడిసే అది. అక్కడే తిన్నా, అక్కడే పడుకున్నా. నాకు అట్లాంటి పట్టింపులు లేవు."

పీట చప్పుడైంది. రుక్కమ్మ లేచి నిలబడింది.

"ఏం మాట్లాడుతున్నవురా? నువ్వు ఆ వాడకు ఎన్నడు పోయినవు? ఆ ఇండ్ల తిన్నవా? నలుగుర్ల ఇజ్జత్ తీస్తవా?" ఆమె మాసయ్య వైపు తిరిగింది. "అబద్ధమయ్యా! నా కొడుకును ఆ గడప తొక్కనియ్యలె. దేవుని మీద ఒట్టు!"

"అవ్వా, జర ఊకో!" అన్నాడు శ్రవణ్ కుమార్.

"ఎందుకూకుంట? రేపు మన చుట్టాలు వింటే ఏమనుకుంటరు?"

కొడుకు పరువు కాపాడానన్న తృప్తితో ఆమె మళ్లీ కూర్చుంది.

"ఇగ అర్థమైంది గద," అన్నాడు మాసయ్య. ఆయన గొంతులో గెలుపు లేదు, చికాకే ఉంది. "ఇందుల శిల్పం లేదు, నా బొందా లేదు. రాసిన పిల్ల ఈ ఇంటిని అరుగు దాకనే చూసింది. లోపలికి రానిస్తే గద రాస్తది? చూడంది రాయడానికి మనసొప్పలె. తన గుడిసె ఎరుక, మొత్తం రాసింది. ఈ సారుకు లోపలంతా ఎరుకే. అందుకే పుస్తకంల ఏం లేదో ఆయనకు కనవడలె. శంకరయ్య గారూ, మీకు కనవడ్డది. దానికి మీరు ప్రతీక అని పేరువెట్టిండ్రు."

శంకరయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సన్మానం ఆపుతున్న," అన్నాడు. "ఈ పిల్ల పేరుతోనే మల్ల అచ్చేస్త. బడోళ్లకు నేనే చెప్త."

శ్రవణ్ కుమార్ ఎవరి ముఖమూ చూడలేదు. "ఇరవై ఏండ్ల సంది రాస్తున్న. నేను రాసింది చదివి ఒక్కడు ఏడ్వలె. ఇది చదివి నేనే ఏడ్చిన," అన్నాడు మెల్లగా. ఆ మాట విని లక్ష్మణ్‌కు జాలి కలిగింది. మాసయ్యకు కలగలేదు.

అరుగు కింద కూర్చున్న జమ్ములమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"ఏందే సుప్రియా, ఆ బుక్కుల ఉన్నది నా ముచ్చటనా?"

"అవునమ్మా."

"లారీ ఎక్కింది, కాల్వ తవ్వింది, పిల్లను సంకనేసుకొని వానల నడిచొచ్చింది, గదంతనా?"

"అంత నీదేనమ్మా."

"మరి పటేలోళ్ల పిల్లగాన్ని ఎందుకు వెట్టినవే? నేనేడ వోయిన?"

నవల తనదని సుప్రియ ఇన్నాళ్లూ కనిపించిన గడపలన్నీ ఎక్కి చెప్పుకుంది గానీ, ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఆమె అరుగు దిగి తల్లి చెయ్యి పట్టుకుంది.

"శంకరయ్య సార్, ఇప్పుడే అచ్చెయ్యకుండ్రి," అంది. "మొదటి నుంచి మల్ల రాస్త."